పొదలా గుబురెక్కిన జూనిపర్ బోన్సాయ్‌కి ఉగాదిలోపు కొత్త రూపు ఇచ్చి, కుండీ కూడా మార్చవచ్చా?

కడపలో మీ మేడ మీద నాలుగేళ్లుగా పెరుగుతున్న జూనిపర్‌ను (పొలుసుల్లాంటి ఆకులుండే సతతహరిత మొక్క) కత్తిరించి, కొమ్మలు వంచడానికి లోహపు తీగ చుట్టి, ఆ చేత్తోనే కుండీ కూడా మార్చేద్దామనుకుంటున్నానని రాశారు. అనంతపురంలో నేను అచ్చంగా ఆ పనే చేసి నా మొదటి చెట్టును పోగొట్టుకున్నాను కనుక వద్దనే చెబుతాను.

ఫిబ్రవరి చివర ఒక ఆదివారం సగానికి పైగా ఆకు తీసేసి, కొమ్మలకు తీగ చుట్టి, సాయంత్రానికల్లా వేర్లు కత్తిరించి పళ్లెంలాంటి కుండీలోకి మార్చాను. నెలన్నర దాకా చెట్టు పచ్చగానే ఉంది. ఎండ నలభై డిగ్రీలు దాటిన తరువాత ఆకు బూడిదరంగుకు తిరిగి, ముట్టుకుంటే ఎండుగడ్డిలా గరగరలాడింది. కాండాన్ని గోటితో గీరితే బెరడు కింద పచ్చటి పొర లేదు. జూనిపర్ వేర్లు చచ్చినా ఆకు వారాల తరబడి పచ్చగా కనిపిస్తుంది. అన్నాళ్లూ నేను నీళ్లు పోసింది చచ్చిన చెట్టుకే.

మర్రి, రావి, చింత పెంచిన చేతులకు ఈ పొరపాటు సహజం. మర్రిని మోడు చేసినా చిగురిస్తుంది. జూనిపర్ కొమ్మకు పచ్చదనమంతా తీసేస్తే ఆ కొమ్మ ఇక ఎండిపోవడమే. అందుచేత ఒక విడతలో మూడోవంతుకు మించి తీయకండి, రెమ్మల చివర్లు గోటితో గిల్లకండి.

మన ప్రాంతంలో ఈ పనికి నవంబరు, డిసెంబరు నెలలే మేలు. ముందు పైమట్టిని కొద్దిగా తోడి వేళ్ల మొదలు ఎక్కడుందో చూసుకుని, చెట్టుకు ముఖం ఏవైపో నిర్ణయించుకోండి. తరువాత లోపలి ఎండుటాకును, కిందికి వేలాడే రెమ్మలను, కొమ్మల పంగల్లో మొలిచినవాటిని తీసేస్తే సగం రూపు దానంతటదే బయటపడుతుంది. కొమ్మ లావులో మూడోవంతు ఉన్న అల్యూమినియం తీగను ఏటవాలుగా చుట్టి, వంపు పడేచోట బొటనవేలు ఆనించి నిదానంగా వంచండి. చిటుక్కుమన్న చప్పుడు వినిపిస్తే అక్కడితో ఆపేయండి. తీగ బెరడులోకి దిగుతోందేమో నెలనెలా చూసుకుని, దిగబోయేముందే ముక్కలుగా కత్తిరించి తీయాలి, తిప్పి విప్పకూడదు. అక్కరలేదనిపించిన కొమ్మను మొదలంటా కోయకుండా వేలెడు మోడు ఉంచి బెరడు ఒలిస్తే, కొండగాలికి ఎండిన కొమ్మలా అందంగా ఉంటుంది. సందేహమున్న కొమ్మను మాత్రం తాకకండి.

పని అయ్యాక మూడు వారాలు షేడ్ నెట్ కింద ఉంచండి. పొడిగాలికి ఆకు రసం పీల్చే సన్నటి నల్లి పడుతుంది. తెల్లకాగితం మీద రెమ్మను తట్టినప్పుడు రాలిన చుక్కలు కదిలితే అది నల్లే, ఆకును నీటిధారతో కడగాలి. మన బోరునీళ్లకు కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది కనుక, వాననీళ్లు దొరికిన రోజున మట్టిని బాగా తడిపి అడుగునుంచి కారనివ్వండి.

కుండీ మార్పును వచ్చే చలికాలానికి వాయిదా వేయండి. అప్పటికి కొత్త చివర్లు బలంగా సాగుతుంటేనే వేర్ల జోలికి వెళ్లాలి, లేకపోతే ఇంకో ఏడాది ఆగాలి.