మాస్టరింగ్ బాగుందో లేదో తెలియాలంటే ముందు సౌండ్ తగ్గించండి

మాస్టరింగ్ (పాట బయటికి వదిలేముందు సౌండ్‌కి చేసే ఆఖరి మెరుగు) ఎట్టా చేశారో కనిపెట్టడానికి ఏ హెడ్‌ఫోన్స్ కొనాలి అని అడిగారు. కొనుగోళ్ళ సంగతి తర్వాత. మీరు పంపిన మిక్స్ (గొంతులూ వాయిద్యాలూ కలిపిన ఫైల్), స్టూడియో వాళ్ళు మాస్టరింగ్ చేసి పంపిన మాస్టర్, రెండూ ఒకే సౌండ్‌లో పెట్టి విన్నారా? వినుండరు. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు తోస్తుంది మన చెవికి, ఈ వ్యాపారంలో సగం దాని మీదే నడుస్తోంది.

మాది నెల్లూరు. జొన్నవాడ బ్రహ్మోత్సవాలకని మా కోలాటం వాళ్ళ చేత కామాక్షమ్మ మీద ఒక పాట పాడించి, మాస్టరింగ్‌కి చెన్నైలో ఒక స్టూడియోకి పంపాం. ఫైల్ రాగానే గదిలో ఉన్నోళ్ళందరూ అదిరిపోయింది అన్నారు. మీటర్ పెట్టి చూస్తే మైనస్ 7 లఫ్స్! (లఫ్స్ అంటే పాట ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టిగా ఉన్నట్టు.) మా మిక్స్ మైనస్ 16 దగ్గర ఉంది. మాస్టర్‌ని 9 డెసిబెల్స్ కిందికి లాగి, ఏది ఏదో చెప్పకుండా మార్చి మార్చి వినిపించాను. డప్పు కొట్టినాయనకి కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు, ఆయనే ముందు అడిగాడు, "ఇందులో నా దెబ్బ ఏదబ్బయ్యా?" అని. నిజమే, పుల్ల తోలుకి తగిలినప్పుడు వచ్చే ఆ 'ఠప్' లేదు, దాని వెనకొచ్చే గుమ్మనే మోత మాత్రం ఉంది. లిమిటర్, అంటే హద్దు దాటిన సౌండ్‌ని అణిచేసేది, మొదటి దెబ్బనే నరికేసింది. పాడిన అమ్మాయి 'శ్రీ' అన్నప్పుడల్లా చెవిలో గీరినట్టుంది, మిక్స్‌లో అది లేదు.

ఇంకోటి, తిరునాళ్ళలో పాట మోగేది మైకుసెట్ హారన్‌లో, అంటే మోనో, ఎడమా కుడీ కలిసిపోయి ఒకే సౌండ్‌గా వస్తుంది. కోరస్ వెడల్పుగా వినపడాలని ఏదో వైడనర్ (సౌండ్‌ని ఎడమకీ కుడికీ పరిచే ఎఫెక్ట్) వేసినట్టున్నారు, హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండం, మోనో బటన్ నొక్కితే ఎడమా కుడీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఆడవాళ్ళ గొంతులు సగం మాయం. అంతమంది గొంతు చించుకుని పాడింది ఇందుకా!

ఫోన్ చేస్తే స్టూడియో ఆయన "అందరూ ఇంతే లౌడ్ అడుగుతారు సార్" అన్నాడు. అడుగుతారు, కాదన్ను. కానీ యూట్యూబ్ మైనస్ 14 దాటినదాన్ని ఎలాగూ కిందికి దించేస్తుంది. మైనస్ 7 ఫైల్ ఎక్కిస్తే 7 డెసిబెల్స్ తగ్గించి వినిపిస్తుంది, నరికిన దెబ్బని మాత్రం తిరిగి అతికించదు. మరి ఎవరి కోసం నరికినట్టు? పెళ్ళిళ్ళలో డీజే బాక్సులు పెట్టి గుండెలు అదరగొట్టేవాళ్ళు మన చెవుల్ని ఇట్టా తయారుచేశారని నా గట్టి నమ్మకం.

మళ్ళీ చేయించాం, మైనస్ 12కి. డప్పు తిరిగొచ్చింది, 'శ్రీ' గీరడం తగ్గింది.

హెడ్‌ఫోన్స్ అంటారా, మీ దగ్గర ఏవుంటే అవే చాలు, రోజూ వాటితోనే పాటలు వింటుంటే. కొత్తవి కొంటే వాటికి చెవి అలవాటు పడేదాకా ఏ పాట మీదా తీర్పు చెప్పబాకండి.