తనిఖీ రోజున గార్డు, మర్నాడు టేపు

ప్రశ్న: మాది మదనపల్లె వైపు. బెంగళూరు పీణ్యాలో లోహపు రేకులు నొక్కే ప్రెస్ మీద ఆపరేటర్‌ని. రెండు చేతుల బటన్లలో ఒకదానికి టేపు చుట్టి, ఒంటి చేత్తోనే నడపమంటారు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజున మాత్రం టేపు తీసి, చెయ్యి లోపలికి పోకుండా అడ్డుండే గార్డు బిగిస్తారు. ఆయన అడిగితే నిజం చెప్పొచ్చా? నాకు కన్నడం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.
– ఒక పాఠకుడు, పీణ్యా

జవాబు: చెప్పండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్’, అంటే తనిఖీతో పాటు సలహా కూడా ఇచ్చే అధికారి. లోపలున్న ఎవరినైనా ప్రశ్నించే అధికారం ఆయనకు అలాగే ఉంది. సూపర్‌వైజర్ పక్కన నిలబడి ఉంటే ‘విడిగా మాట్లాడాలి సార్’ అని అడగండి.

‘సేఫ్టీ లేదు సార్’ అని ఊరుకుంటే ఆయన రాసుకోవడానికేమీ ఉండదు. ప్రెస్ నంబరు, తేదీ, షిఫ్టు చెప్పండి. సరైన కంట్రోల్‌లో రెండు బటన్లూ దాదాపు ఒకేసారి నొక్కితేనే ర్యామ్ (పైనుంచి దిగి రేకును నొక్కే భాగం) దిగుతుంది. ప్రతి స్ట్రోక్ తర్వాత రెండూ వదిలితే గాని మళ్లీ దిగదు. టేపు చుట్టినా ప్రెస్ నడుస్తోందంటే లోపల వైరింగే సరిగా లేదన్నమాట. టేపు పీకేసినంత మాత్రాన అది బాగుపడదు, కాబట్టి ఈ మాట తప్పక చెప్పండి. ఒకసారి నొక్కితే ర్యామ్ రెండుసార్లు దిగుతోందా? క్లచ్ కీ (ర్యామ్‌ను తిరిగే చక్రంతో కలిపే పిన్ను) అరిగినా, దాని స్ప్రింగ్ విరిగినా, బ్రేకు వదులైనా అలా జరుగుతుంది. పీసు తీయడానికి చెయ్యి పెట్టిన క్షణంలో దిగే ఆ రెండో దెబ్బ నుంచి బటన్లు కాపాడలేవు. పీసు డైలో (అచ్చులో) ఇరుక్కుంటోందని గార్డు తీసేస్తుంటే మ్యాగ్నెట్ పట్టుకారో, పీసును బయటికి నెట్టే ఎజెక్టరో ఇప్పించమని అడగండి.

టేపు మీ చేత్తోనే చుట్టారా? అయితే జాగ్రత్త. రక్షణ పరికరాన్ని కావాలని పనికిరాకుండా చేసిన కార్మికుడి మీదా చర్య ఉంటుంది. మిమ్మల్నే నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబివ్వమని మాత్రం బలవంతపెట్టకూడదు. ఎవరు చుట్టమన్నారో, గంటకు ఎన్ని పీసుల టార్గెట్ పెట్టారో చెప్పండి.

స్టేట్‌మెంటు కన్నడంలో రాస్తే చదివి వినిపించమనండి. అర్థమయ్యాకే సంతకం.

ప్రశ్న: తనిఖీ తర్వాత ప్రమాదమని మా సెక్షన్‌ను ఆపించారు. కాంట్రాక్టర్ ‘పని లేదు, జీతం లేదు’ అంటున్నాడు. ఫిర్యాదు చేసింది నేనేనని రాజీనామా రాయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, బొమ్మసంద్ర, బెంగళూరు

జవాబు: జీతం రావాల్సిందే. తీవ్ర ప్రమాదం ఉందని అధికారి రాతపూర్వకంగా పని ఆపిస్తే, ఆ ఉత్తర్వు వల్ల పని లేకుండా పోయినవాళ్లకు జీతం, ఇతర ప్రయోజనాలు ఇవ్వాలి. వీలైన చోట వేరే పని చూపించాలి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలి. బన్నేరుఘట్ట రోడ్డు కార్మిక భవన్‌లోని ఫ్యాక్టరీల, బాయిలర్ల శాఖకు ఉత్తర్వు తేదీతో సహా రాయండి. ఫిర్యాదు ఎవరిదో అధికారి బయటపెట్టకూడదు. మన దేశం 1949లో ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒప్పందంలో ఈ షరతు స్పష్టంగా ఉంది. తనిఖీ నివేదిక కాపీ కోసం 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. దరఖాస్తు మీద మీ పేరుంటుంది కాబట్టి యూనియన్‌లో ఎవరైనా పెడితే మేలు.

రాజీనామా రాయకండి, ఖాళీ కాగితం మీద సంతకమూ వద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే, బలవంతాన పెట్టించారని ఈ రోజే కంపెనీకి, లేబర్ ఆఫీసర్‌కు స్పీడ్ పోస్టులో రాసి రసీదులు దాచండి. గేటు దగ్గర ఆపేస్తే ఇంట్లో ఉండిపోవద్దు. రోజూ షిఫ్టు టైముకు వెళ్లి గేటు బయట తేదీ, టైము పడేలా ఫోటో తీసుకోండి. అది లేకపోతే ‘తనే రావడం మానేసింది’ అని రికార్డులో రాసేస్తారు.