ఓరిఫ్లామ్‌కి బహువచనం లేదు

తమ్ముడూ,

నీ కథ చదివాను. మొదటి పేజీలోనే ఒక వాక్యం దగ్గర కోపం వచ్చింది, అది చల్లారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను, మాట కటువుగా ఉంటే ఓర్చుకో. "ఇంగ్లీషు సేన శిబిరం మీద గాన్ఫలాన్లు, పెన్నన్లు, బర్జీలు, ఓరిఫ్లామ్‌లు రెపరెపలాడుతున్నాయి" అని రాశావు.

ఓరిఫ్లామ్‌లు ఏమిటయ్యా? ఆ మాటకి బహువచనం లేదు. అది ఒకే ఒక్క జెండాకి పేరు. పారిస్ పక్కన సెయింట్ డెనీ మఠంలో ఉండేది, ఎర్ర పట్టు జెండా. యుద్ధం వచ్చిందంటే ఫ్రాన్సు రాజు స్వయంగా మఠానికి వెళ్లి, పూజాపీఠం దగ్గర దాన్ని అందుకుని, బాగా నమ్మిన ఒక వీరుడి చేతికి ఇచ్చేవాడు. ఆరవ లూయీ 1124లో అలా వెళ్లి తీసుకున్నాడు. యుద్ధభూమిలో అది విప్పారంటే ఇక ప్రాణభిక్ష ఉండదని, ఎవరినీ బందీగా పట్టరని అర్థం. నువ్వు కథ నడిపింది 1356 సెప్టెంబరులో, ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లని ఓడించిన పువాతియే యుద్ధంలో. ఆ రోజు ఓరిఫ్లామ్ పట్టుకున్నవాడు జెఫ్రాయ్ ద షార్నీ. వీరధర్మం గురించి పుస్తకం రాసినవాడు, రాసినట్టే బతికినవాడు. ఫ్రెంచి సేన చెల్లాచెదురైపోయాక కూడా ఫ్రాన్సు రాజు జాన్ దగ్గరే ఆ జెండాతో నిలబడి అక్కడే చచ్చిపోయాడు. రాజు పట్టుబడ్డాడు. అలాంటి జెండాని నువ్వు తీసుకెళ్లి శత్రువుల శిబిరం మీద పెట్టావు, పైగా ఒకటి కూడా కాదు, గుంపుగా! మరి షార్నీ ఎందుకు చచ్చిపోయినట్టు?

పాత ఇంగ్లీషు జెండా మాటల పట్టిక ఒకటి నెట్‌లో దొరికిందనీ, అన్నీ ఎక్కడో ఒకచోట వాడాలనిపించిందనీ రాశావు. ఆ ముచ్చట నాకు తెలుసు. గాన్ఫలాన్ అని పైకి చదువుకుంటేనే బాగుంటుంది. కానీ పట్టికలో మాటలన్నీ ఒకే వరసలో కూర్చుంటాయి. బర్జీ అంటే యాట్ క్లబ్బుల వాళ్లు పడవల మీద ఎగరేసే చిన్న జెండా, 1356లో యాట్ క్లబ్బులు ఎక్కడున్నాయి? పట్టికకి ఆ సంగతి అక్కర్లేదు, నీకు కావాలి. నేను ఎప్పటినుంచో చెబుతున్న మాటే నీకూ చెబుతున్నాను, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా: అది ఎవరి చేతిలో ఉందో, కింద పడితే ఎవరి బతుకు ఏమవుతుందో తెలియకుండా జెండా పేరు రాయకు. తెలియకపోతే జెండా అని రాసి ఊరుకో, అందులో తప్పేమీ లేదు.

పెన్నన్ సంగతి చూద్దాం, ఎందుకంటే నీ కథలో బాగున్నది అక్కడే ఉంది. తల్లి రాత్రిపూట కొడుకు పెన్నన్ అంచు కుడుతూ, ఎర్రదారం అయిపోతే తన పాత గౌను అంచు విప్పి ఆ దారంతోనే పూర్తి చేసే అరపేజీ ఉంది చూడు, అది నిజంగా బాగుంది. కానీ నీ కుర్రాడు ఎస్క్వయర్, అంటే ఇంకా నైట్ హోదా రాని యోధుడు. పెన్నన్ నైట్ అయినవాడి ఈటెకి కట్టేది, చివర కోసుగానో, రెండు తోకలుగా చీలో ఉంటుంది. ఆ నైట్‌కి ఇంకా పెద్ద హోదా ఇవ్వాలనుకుంటే, యుద్ధభూమిలోనే ఆ తోకలు కోసేసేవాళ్లు. కోసేస్తే పెన్నన్ చదరమైపోతుంది, చదరంగా ఉన్నది బ్యానర్, అది కలవాడు బ్యానరెట్. అప్పటినుంచి తన జెండా కింద తన మనుషుల్ని తనే నడిపించుకోవచ్చు. జీతం కూడా మారిపోతుంది. ఆ శతాబ్దపు ఇంగ్లీషు సేనలో రోజుకి ఎస్క్వయర్‌కి 1 షిల్లింగు, నైట్‌కి 2, బ్యానరెట్‌కి 4. అంటే జానెడు గుడ్డ కోస్తే జీతం రెట్టింపు.

పువాతియేలో పోరాడిన సర్ జాన్ చాండోస్‌కి ఆ గౌరవం 1367లో గాని దక్కలేదు, స్పెయిన్‌లో నాహెరా యుద్ధానికి ముందు. చుట్టి ఉన్న తన జెండాని ఇంగ్లండు యువరాజు బ్లాక్ ప్రిన్స్ ముందుకి తెచ్చి, దీన్ని విప్పడానికి అనుమతివ్వండి, ఈ హోదాకి తగ్గ భూములూ ఆస్తీ నాకిప్పుడు ఉన్నాయి అని అడిగాడట. యువరాజు విప్పి చేతికిచ్చాడు. వెండిరంగు గుడ్డ మీద పైనుంచి కిందికి దిగే ఎర్రని మేకు ఆకారం. అంత పేరున్న యోధుడు, అన్ని యుద్ధాలు చేసినవాడు, జెండా చుట్టి పట్టుకుని అడగడానికి రావాల్సి వచ్చింది!

ఇప్పుడు నీ తల్లి దగ్గరికి రా. కొడుకు ఇంకా నైట్ కాకముందే ఆవిడ ఆశపడి ఆ పెన్నన్ కుట్టి పెట్టెలో దాచిందని రాయి. కొడుకు నైట్ అవుతాడు, ఏళ్ల తర్వాత బ్యానరెట్ అవుతాడు, ఆ రోజు యువరాజు కత్తి తీసుకుని ఆవిడ కుట్టిన అంచే కోసేస్తాడు. అమ్మ కుట్టు బురదలో పడితేనే కొడుక్కి గౌరవం. ఈ సన్నివేశం నీ చేతిలోనే ఉంది, పట్టిక చూసుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయావు, నా బాధ అదీ!

స్టాండర్డ్ అనే మాట కూడా ఊరికే వాడేశావు, గుర్రం మీద ఒకడు ఊపుకుంటూ పరిగెత్తినట్టు. అసలు స్టాండర్డ్ ఒకచోట పాతి నిలబెట్టేది. 1138 ఆగస్టులో ఉత్తర ఇంగ్లండులో నార్తలర్టన్ దగ్గర స్కాట్లండు రాజు డేవిడ్ మీద జరిగిన యుద్ధానికి దాని పేరే వచ్చింది. ఓడ తెరచాప కొయ్య ఒకటి తెచ్చి బండి మీద నిలబెట్టారు, దానికి యార్క్ సెయింట్ పీటర్‌ది, బెవర్లీ సెయింట్ జాన్‌ది, రిపన్ సెయింట్ విల్‌ఫ్రిడ్‌ది జెండాలు కట్టారు, కొయ్య చివర వెండి పాత్రలో దివ్య ప్రసాదం పెట్టారు. మన తేరు కళ్లముందు కదులుతుంది కదా. ఆ బండి దగ్గర నిలబడి గెలవాలి, లేదా అక్కడే చావాలి. ట్యూడర్ల కాలానికి స్టాండర్డ్ పొడవు కూడా హోదాని బట్టే, డ్యూక్‌కి 7 గజాలు, నైట్‌కి 4. అంత గుడ్డ పట్టుకుని గుర్రం మీద పరుగెత్తించి చూడు.

గాన్ఫలాన్ గురించి తొందరగా చెప్పేస్తాను. అడ్డకర్రకి వేలాడదీసేది, మనసులో ఇటలీ పెట్టుకో. ఫ్లోరెన్సులో 1293 నుంచి గాన్ఫలోనియర్ అనే పదవి ఉండేది, జెండా మోసేవాడనే అర్థం, కాలక్రమంలో ఆ నగర ప్రభుత్వానికి పెద్దే ఆయన, పదవీకాలం రెండు నెలలు. 1066లో నార్మన్లు ఈటెలకి కట్టుకున్నది గాన్ఫనాన్, అది వేరే రూపం. పువాతియేలో ఇంగ్లీషు శిబిరానికి ఈ రెండూ అక్కర్లేదు.

నేను ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. నా తొలి రోజుల్లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ మీద ఒక కథ రాశాను. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి మనవాళ్లు అక్కడి చెరకు తోటల్లోకి కూలికి వెళ్లారు కదా, అలా వెళ్లిన ఒక తెలుగు కూలీకి 1879లో ఇసాండ్ల్వానా యుద్ధం వార్త చేరడం నా కథ. జూలూలు ఇంగ్లీషువాళ్ల శిబిరాన్ని తుడిచిపెట్టేశారు. మెల్విల్ అనే లెఫ్టినెంట్ తన పటాలం క్వీన్స్ కలర్, అంటే రాణి పేరున పటాలం మోసే జెండా, పట్టుకుని గుర్రం మీద బయటపడ్డాడు. బఫెలో నది వరదలో ఉంది. నీళ్లలో జెండా చేతిలోంచి జారిపోయింది. కాగ్‌హిల్ అనే ఇంకో లెఫ్టినెంట్ అప్పటికే అవతలి ఒడ్డుకి చేరినవాడు, మెల్విల్ కోసం మళ్లీ నీళ్లలోకి వచ్చాడు. ఒడ్డున ఇద్దరూ చచ్చిపోయారు. కొన్నాళ్లకి ఆ కలర్ నదిలో దొరికింది. విక్టోరియా రాణి దానికి పూలచక్రం కట్టింది. ఇప్పటికీ వేల్సులో బ్రెకన్ కెథడ్రల్‌లో ఉంది. నా కథలో కూలీకి ఆ దొరలంటే ప్రేమ లేదు, వాళ్లు ఏ రాణి కోసం జూలూల నేల మీదికి వెళ్లారో ఆ రాణి మనుషులే తన చేత చెరకు కొట్టిస్తున్నారని వాడికి తెలుసు. అయినా ఒడ్డుకి చేరినవాడు వెనక్కి తిరిగి నీళ్లలోకి ఎందుకు వెళ్లాడా అని రాత్రంతా ఆలోచిస్తాడు. ఆ ఆలోచనే కథ.

ఒక వారపత్రికకి పంపాను. సంపాదకుడు పిలిపించి, "గుడ్డముక్క కోసం ఎవడైనా నదిలో దిగుతాడా అమ్మా?" అన్నాడు. కలర్ అన్నచోటల్లా జెండా అని దిద్దాడు, నది పేజీ మొత్తం కొట్టేశాడు, "జెండా కొట్టుకుపోయింది" అని ఒక ముక్క మిగిల్చి అచ్చేశాడు. నా పేరుతో అచ్చయిన ఆ కథని నేను ఇవాళ్టికీ ఏ సంపుటిలోనూ చేర్చలేదు. పొగ కమ్మిన యుద్ధభూమిలో చెదిరిన సిపాయి మళ్లీ తనవాళ్లని వెతుక్కోవాలంటే కళ్లకి కనిపించేది అదొక్కటే అని, అందుకే సిపాయిలు గుర్తుపట్టేలా ముందే వరసల మధ్య దాన్ని తిప్పి చూపించేవాళ్లనీ, లండన్‌లో ఏటా జూన్‌లో జరిగే ట్రూపింగ్ ద కలర్ అక్కణ్నుంచే వచ్చిందనీ ఆయనకి చెప్పబోయాను. వినలేదు. బ్రిటిష్ సేన కలర్స్‌ని యుద్ధంలోకి చివరిసారి మోసింది 1881లో, దక్షిణాఫ్రికాలోనే, లైంగ్స్ నెక్ దగ్గర. దూరం నుంచి గురిచూసి కొట్టే తుపాకులు వచ్చాక జెండా పట్టుకున్నవాడే మొదటి గురి. ఆ కుర్రాళ్లకి ఒకప్పుడు జెండా పేరే ఉద్యోగం పేరు, కాల్బలంలో ఎన్‌సైన్, గుర్రపు దళంలో కార్నెట్, 1871లో ఆ రెండు పేర్లూ తీసేశారు, 1877 నుంచి సెకండ్ లెఫ్టినెంట్ అన్నారు.

ఎన్‌సైన్ అంటే గుర్తొచ్చింది. ఒక ప్రచురణకర్త నాకు ఒథెల్లో అనువాదం ప్రూఫులు దిద్దమని ఇచ్చాడు, చేతిలో డబ్బుల్లేని రోజులు, తీసుకున్నాను. అందులో ఇయాగోని "ప్రాచీనుడు" అని ఉంది. షేక్‌స్పియర్ రోజుల్లో ఎన్‌సైన్‌ని జనం యేన్షెంట్ అని పలికేవాళ్లు, ఇయాగో ఒథెల్లోకి జెండా మోసేవాడు. నాటకమంతా దాని మీదే కదా ఉంది, పై పదవి కాషియోకి పోయింది, వీడు జెండా మోస్తూ మిగిలాడు, ఆ మంట. ప్రాచీనుడు అంటే ఆ మంటే లేదు. మార్జిన్‌లో రాసి పంపాను. పుస్తకం ప్రాచీనుడితోనే వచ్చింది, నాకు రావాల్సిన డబ్బులు మాత్రం రాలేదు.

ఇక నీ సమర్థన. "తిక్కన కూడా ఒక్క పద్యంలో కేతనం, కేతువు, ధ్వజం, పతాక, పడగ, సిడం అన్నీ వాడాడు కదా" అన్నావు. వాడాడు. మరి ఆ పద్యం ఎవరు ఎవరికి చెబుతున్నారో చూశావా? కౌరవ సేనని చూసి వణికిపోయిన ఉత్తరుడికి అర్జునుడు చెబుతున్నాడు. ఎదురుగా ఉన్నది ఎవరెవరో ఆ పిల్లవాడికి తెలియదు, తెలియకపోతే రథం నడపలేడు. బంగారు వేదిక గుర్తున్నవాడు ద్రోణుడు, సింహం తోక అశ్వత్థామ, ఎద్దు కృపుడు, శంఖం కర్ణుడు, పాము దుర్యోధనుడు, తాటిచెట్టు భీష్ముడు. ఒక్క జెండా కూడా మనిషి లేకుండా ఎగరలేదు. పైగా చూడు, పాము గుర్తున్న దుర్యోధనుడి దగ్గరికి వచ్చేసరికే పడగ అనే మాట పడింది. అది పట్టిక చూసి పెట్టిన మాటలా? ఆ పద్యం నీకు అండ అనుకున్నావు, నేనైతే నీ మొదటి పేజీ కొట్టేయడానికి దాన్నే చూపిస్తాను.

ఈమధ్య కోటలూ కత్తులూ ఉన్న కథ రాసే ప్రతివాళ్లూ ఇంగ్లీషు సీరియల్ చూసి నాలుగు గంభీరమైన మాటలు ఏరుకొచ్చి చల్లేస్తున్నారు, కింద అర్థాలు కూడా ఇస్తున్నారు, దానికి బహుమతులూ వస్తున్నాయి. నాకు చాలా బాధగా ఉంటుంది. నువ్వు ఆ దారి పట్టకు, ఆ తల్లి చేత దారం విప్పించినవాడివి నువ్వు.

కలంపేరు గురించీ, ఏ పత్రికకి పంపాలన్నదాని గురించీ ఇప్పుడు అడగొద్దు, ముందు ఇది తిరగరాయి. మొదటి పేజీలో పట్టిక మొత్తం తీసేసి ఒక్క బ్యానర్ ఉంచు, బ్లాక్ ప్రిన్స్‌ది. వాళ్ల నాన్న మూడవ ఎడ్వర్డ్ 1340లో ఫ్రాన్సు సింహాసనం కూడా నాదేనని ఫ్రాన్సు లిల్లీ పూలని తన సింహాల పక్కన పెట్టుకున్నాడు, కొడుకు జెండా మీదా అవే ఉన్నాయి. ఎదురుగా ఫ్రాన్సు రాజు జెండా మీదా లిల్లీలే. నీ ఎస్క్వయర్ పదహారేళ్లవాడు, మొదటి యుద్ధం, అటూ లిల్లీలే ఇటూ లిల్లీలే చూసి ఏమనుకుంటాడో అక్కడ మొదలుపెట్టు. ఓరిఫ్లామ్ వాడికి దూరం నుంచి ఒక్కసారి కనిపిస్తే చాలు, అదీ షార్నీ చేతిలో, మధ్యాహ్నం దాటాక. మెయిల్లో పంపినా పర్వాలేదు గానీ పేజీ నంబర్లు వెయ్యి, పోయినసారి లేవు.

అక్క