డాక్టర్ సలహా: తమ్ముడు మంచం దిగనంటున్నాడు, ఏ కసరత్తులు చేయించాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ, పటమట. మా తమ్ముడికి 31 ఏళ్లు. ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేసేవాడు. రెండేళ్ల క్రితం లారీ మీద నుంచి పడి వెన్నెముక విరిగింది. ఆపరేషన్ చేసి, డి10 దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నదని రాశారు. బొడ్డు కింద స్పర్శ లేదు, కాళ్లు కదలవు. చేతులు బాగున్నాయి. మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించి మానేశాం. ఇప్పుడు రాత్రి రెండింటి దాకా ఫోను, పగలు నిద్ర. ఒళ్లు వచ్చింది. స్నేహితులు వస్తే నిద్ర నటిస్తాడు. చక్రాల కుర్చీ ఉంది గానీ బయటికి రమ్మంటే కోప్పడతాడు. అమ్మకు 58 ఏళ్లు, వాడి పనులన్నీ ఆవిడే చేస్తుంది. వాడు చురుగ్గా ఉండాలంటే ఏ కసరత్తులు చేయించాలి?

జవాబు: అమ్మా, కసరత్తుల దగ్గరికి వస్తాను. దానికి ముందు మీరు చివర్లో తేలిగ్గా దాటేసిన మాట దగ్గర కాసేపు ఆగాలి. "వాడి పనులన్నీ ఆవిడే చేస్తుంది" అన్నారు. డి10 అంటే ఛాతీ వెనుక భాగంలో పదో వెన్నుపూస. అక్కడ దెబ్బ తగిలిన మనిషికి చేతులు, భుజాలు, ఛాతీ చెప్పినట్టు వింటాయి. నేర్పితే అతను మంచం మీద నుంచి కుర్చీలోకి తనే మారగలడు. స్నానం చేయగలడు, ప్యాంటు తొడుక్కోగలడు, బియ్యం కడిగి కుక్కర్ పెట్టగలడు, చేతులతో నడిపేలా మార్చిన బండి నడపగలడు. ఇవాళ మీ తమ్ముడు ఇందులో ఎన్ని చేస్తున్నాడు? అన్నం తినడం, గడ్డం గీసుకోవడం తప్ప మిగతావన్నీ ప్రేమ కొద్దీ అమ్మగారు తన మీద వేసుకుని ఉంటారు. ఆవిడను తప్పు పట్టడం లేదు. ఇంటికి పంపేటప్పుడు అతని చేత ఎలా చేయించాలో ఆవిడకు ఎవరూ చూపించి ఉండరు.

ఇంకొకటి, మీరు రాయనిది. మూత్రం సంగతి ఏమిటి? డైపరా, ఎప్పుడూ ఉండే పైపూ సంచీనా? స్నేహితులు వస్తే నిద్ర నటించే మనిషిని చూడగానే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. నలుగురిలో కూర్చున్నప్పుడు బట్టలు తడుస్తాయేమో, వాసన వస్తుందేమో అన్న భయం ఎంతటి హుషారైన మనిషినైనా మంచానికి కట్టేస్తుంది. అక్కతో చెప్పుకోలేడు, అమ్మకు చెప్పనక్కర్లేదు, ఆవిడే శుభ్రం చేస్తోంది. 31 ఏళ్ల మగవాడికి అదెలా ఉంటుందో ఆలోచించండి. చాలామంది దీనికి కనిపెట్టే ఉపాయం నీళ్లు తాగడం మానేయడం. దాంతో మూత్రంలో ఇన్ఫెక్షన్లు, రాళ్లు మొదలవుతాయి.

చేతులు బాగున్నవారికి దీనికి మంచి దారి ఉంది. సబ్బుతో చేతులు కడుక్కుని, సన్నని ట్యూబును తనే పెట్టుకుని, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మూత్రం తీసేసి ట్యూబు తీసేయడం. వినడానికి భయం వేస్తుంది గానీ సాధారణంగా కొద్ది రోజుల్లోనే చేతికి అలవాటవుతుంది. ముందుగా యూరాలజిస్టు చూసి, కిడ్నీల స్కానింగ్ చేయించి, ఇది అతనికి తగునో లేదో చెప్పాలి. విరేచనానికీ ఇలాగే వేళ కుదర్చాలి. ఉదయం కాఫీయో టిఫినో కడుపులో పడ్డాక అరగంటకు, రోజూ ఒకే సమయానికి కూర్చుంటే పేగు ఆ వేళకు అలవాటు పడుతుంది. ఈ రెండూ కుదిరితే మనిషి మంచం దిగడానికి సగం అడ్డు తొలగినట్టే. అప్పటిదాకా మీరు డంబెల్స్ కొనిచ్చినా అవి మంచం కిందే ఉంటాయి.

వారధి దాటితే మంగళగిరి ఎయిమ్స్‌లో ఫిజికల్ మెడిసిన్, రిహాబిలిటేషన్ విభాగం ఉంది. అక్కడ చూపించండి. వెళ్లేటప్పుడు ఆపరేషన్ కాగితాలతో పాటు ఇంట్లో ఉన్న చక్రాల కుర్చీ కూడా తీసుకెళ్లండి, అది ముఖ్యం. మన ఇళ్లలో ఉండేది ఎక్కువగా ఆసుపత్రి వరండాల్లో రోగిని తోసుకెళ్లే రకం. ఒకరు తోయాల్సిందే తప్ప కూర్చున్నవాడు సొంతంగా నడుపుకునే వీలు తక్కువ. సీటు తుంటి వెడల్పుకు దగ్గరగా ఉండాలి, కింద మంచి కుషన్ ఉండాలి. మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ ఉండి అది అందుతుంటే, మొదటి ఖర్చు కుషన్ మీద పెట్టండి. స్పర్శ లేని చోట ఒత్తిడి పుండు పడితే అది మానడానికి నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ బోర్లా పడుకోవాల్సిందే. అందుకే కూర్చున్నప్పుడు ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకో పక్కకో వంగి, ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీద భారం తగ్గించాలి. పొద్దున, రాత్రి అద్దం పెట్టుకుని తన చర్మం తనే చూసుకోవాలి. అమ్మ చూడడం కాదు, తను చూసుకోవాలి.

ఇక మీ ఇల్లు. రెండు గదుల పోర్షన్ అయితే బాత్‌రూమ్ తలుపు రెండడుగులకు మించదు, కుర్చీ వెడల్పేమో 25 అంగుళాలు. చిన్న చక్రాలున్న కమోడ్ కుర్చీ ఆ చిక్కు తీరుస్తుంది. గడప తీసేయమని చెప్పను. పసుపు రాసుకోండి, బొట్లు పెట్టుకోండి, దానికి అటూ ఇటూ చెక్క వాలు చేయించండి. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క. మూడంగుళాల గడపకు ఒక్కో వైపు మూడడుగులు. వడ్రంగికి ఒక పూట పని.

ఇప్పుడు కసరత్తులు. వికలాంగులైన పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ అంకె చూసి బెదరకండి. వెన్నుపాము దెబ్బతిన్నవారి కోసమే 2018లో అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన సూచన ఇంకా దగ్గరగా ఉంటుంది: కనీసం వారానికి రెండు రోజులు, 20 నిమిషాల చొప్పున ఆయాసం వచ్చే శ్రమ, ఆ రెండు రోజులూ పని చేసే కండరాలకు బలం పెంచే వ్యాయామం మూడేసి విడతలు. రెండేళ్లు పడుకున్న మనిషి 20 నిమిషాలతో మొదలుపెట్టకూడదు. అయిదు నిమిషాలు చాలు. చిన్న పెడల్ యంత్రాన్ని బల్ల మీద బిగించి చేతులతో తిప్పమనండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, శ్రమ కొలవడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు. కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి తన వైపు లాగడం తప్పక చేయాలి. కుర్చీని సొంతంగా తోసుకునేవారికి ఛాతీ ముందు వైపు కండరాలే బలిసి, భుజం కీలు అరిగి నొప్పి వస్తుంది. కాళ్లు ఎలాగూ లేవు, భుజాలు కూడా పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

కాళ్ల కీళ్లు బిగుసుకోకుండా మెల్లగా కదిలించాలి, బలవంతంగా వంచకూడదు. బరువు మోయని ఎముక పలుచబడుతుంది. మర్దన పేరుతో గట్టిగా లాగితే తొడ ఎముక విరగవచ్చు, నొప్పి తెలియదు కాబట్టి ఆ సంగతి బయటపడేది వాపు వచ్చాకే. ఒక కాలు హఠాత్తుగా వాచినా, చలితో జ్వరం వచ్చినా, చర్మం మీద ఎరుపు అరగంటకు తగ్గకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. లేచి కూర్చోగానే కళ్లు తిరగడం మొదట్లో ఉంటుంది, మంచం తలవైపు కొంచెం కొంచెంగా ఎత్తుతూ అలవాటు చేయాలి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, బెజవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? వెన్నుపాము దెబ్బ కింద చెమట సరిగా పట్టదు. మీ తమ్ముడికి పైభాగంలో పడుతుంది కనుక కొంత నయం, మెడ దగ్గర దెబ్బ తగిలినవారికి ఎండ నిజంగా ప్రమాదం. వేసవిలో వ్యాయామం తెల్లవారాకో పొద్దు వాలాకో చేయాలి. ఎండలో ఉంచిన కుర్చీలో తడిమి చూడకుండా కూర్చోకూడదు. వేడి టీ గ్లాసు, చార్జింగ్‌లో ఉన్న ఫోను తొడల మీద పెట్టుకోకూడదు. బొబ్బ లేచేదాకా తెలియదు.

మనసు గురించి. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర తారుమారు కావడం, మనుషులను తప్పించుకోవడం డిప్రెషన్ లక్షణాలు. అది బద్ధకమో మొండితనమో అనుకోకండి, దానికి మందూ మాటా రెండూ ఉన్నాయి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళకైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. "ధైర్యంగా ఉండు" అని మాత్రం రోజూ చెప్పకండి. వినీ వినీ విసిగిపోయి ఉంటాడు.

ఇలాంటి రోగులను మంచం మీదే వదిలేసే కాలం ఒకటి ఉండేది. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు వారికి ఆటలు మప్పాడు. 1948 జూలై 29న 16 మందితో పోటీ పెట్టాడు. ఆ రోజు ఆట విలువిద్యే. పారాలింపిక్స్ అక్కడి నుంచే పుట్టాయి. చక్రాల కుర్చీలో కూర్చునే రాకేశ్ కుమార్, శీతల్ దేవితో కలిసి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది కూడా విలువిద్యలోనే. విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ పుట్టిన ఊరు మీది, బాణాలకు కొదవ ఏముంటుంది? సరదా పుడితే వెళతాడు. లేకపోతే లేదు, అందరూ క్రీడాకారులు కానక్కర్లేదు.

నాకు ఆశ ఉన్నది అతని పాత పని మీద. సెల్ఫ్ మోటారు (ఇంజన్‌ను స్టార్ట్ చేసేది) విప్పి, బ్రష్‌లు మార్చి, ఆర్మేచర్ చుట్టి మళ్లీ బిగించడం బల్ల దగ్గర కూర్చుని చేసే పనే. లారీ ఎక్కడం ఇంకొకరు చూసుకుంటారు. కుర్చీ చేతులు కిందికి దూరేలా, మోకాళ్లకు తగలకుండా ఒక బల్ల చేయించండి. సోల్డరింగ్ కడ్డీకి స్టాండు తప్పనిసరి, ఒడిలో జారిపడితే కాలినట్టు కూడా తెలియదు. సామాను మీరు కొనుక్కొచ్చి ఎదురుగా పెట్టకండి. ఆటోనగర్‌లో తన పాత మేస్త్రీకి అతనే ఫోన్ చేసి, చెడిపోయిన మోటారు ఒకటి తెప్పించుకోవాలి. ఒక వారం చేయడు, రెండు వారాలు చేయడు. ఆ రెండు వారాలు మీరూ అమ్మగారూ చేయకుండా ఊరుకోవడమే కష్టం.

నీళ్ల సీసా మాత్రం ఈ రోజు నుంచే అతని చేతికి అందని దూరంలో పెట్టమనండి, కుర్చీలోకి మారితే అందే దూరంలో. అలా మారడం ఫిజియోథెరపిస్టు నేర్పేదాకా పక్కన ఒకరు ఉండాలి. ఈసారి ఏదైనా అడగాల్సి వస్తే అతన్నే రాయమనండి.