"పాత కాగితాలేలెండి" అనకు

అమ్మడూ,

ఊరి చరిత్ర మ్యూజియంకి చోటు తేల్చే కమిటీలో నిన్ను వేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ముందు గర్వంగా అనిపించింది. తర్వాత టెన్షన్ పట్టుకుంది. రాత్రి రెండింటికి లేచి లైటేసుకుని ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ ఇంకేదో పని చేసుకుంటావు. నీ సంగతి నాకు తెలీదూ?

మీ ముందు మూడు దారులున్నాయట. పాత ఆఫీసు భవనం బాగుచేసుకోవడం, కొత్త కాంప్లెక్స్‌లో ఒక అంతస్తు అద్దెకు తీసుకోవడం, లేదా ఖాళీ స్థలంలో కట్టుకోవడం. అందరూ పాత భవనం వైపే మొగ్గుతున్నారని మీ నాన్న అన్నాడు. మొగ్గరూ మరి! ఎత్తు స్తంభాలు, చెక్క మెట్లు, ఫొటోల్లో బాగా పడుతుంది. నాకూ అలాంటివంటే ప్రాణమే. కానీ చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు హాల్లో ఎక్కువసేపు నిలబడకు. "స్టోర్ ఎక్కడ?" అని అడుగు. మ్యూజియంలో జనానికి కనబడేది కొంచెమే, మిగతాదంతా లోపలి గదుల్లోనే ఉంటుంది. కమిటీలు మాత్రం ఆ కనబడే కొంచెం కోసమే ఇల్లు వెతుకుతాయి.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. వైరింగ్ పరీక్ష చేయించండి, చెదలున్నాయేమో చూపించండి. వస్తువులు తెచ్చే వ్యాను గుమ్మం దాకా రావాలి. ర్యాంప్ ఉండాలి. బట్టల మీదా కాగితాల మీదా వెలుతురు 50 లక్స్ దాటకూడదు, వెలిసిన రంగు మళ్లీ రాదు. పై అంతస్తులో రాక్‌లు పెడతామంటే నేల మోస్తుందో లేదో ఇంజనీరు చేత రాయించుకో. కాగితం అంత బరువుంటుందంటే ఎవరూ నమ్మరు. లైబ్రరీలో పుస్తకాల రాక్‌లుండే గదికి చదరపు మీటరుకి కనీసం 600 కిలోలు లెక్కగడతారు. మామూలు ఆఫీసు గదిని అంత బరువుకి కట్టరు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

నాకూ ఒకప్పుడు మ్యూజియం కోసం ఇలాంటి పాత భవనమే ఇచ్చారు. మరమ్మతుల ప్లాన్ పట్టుకుని ఇంజనీరు వచ్చాడు. వెనక గది మీద వేలు పెట్టి "ఇక్కడ ఏం పెడతారు మేడమ్?" అన్నాడు. నా ధ్యాసంతా ముందు హాల్లో రాబోయే గాజు బీరువాల మీద ఉంది. "పాత కాగితాలేలెండి" అన్నాను. అంతే, ఆయన పై అంతస్తు బాత్రూముల పైపుని ఆ గది మీదుగా తెచ్చాడు. ఆయన్ని ఏమంటాం? పాత కాగితాల మీదుగా పైపు పోతే ఎవరికి నష్టం? ప్లాన్ మీద సంతకం నాదే.

ఆ పాత కాగితాలంటే వ్యాపారుల ఖాతా పుస్తకాలు, బడి రిజిస్టర్లు, జనం తమ ఇళ్లలోంచి తెచ్చిచ్చిన ఫొటోలు. ఏది ఎవరిచ్చారో రాసుకున్న రిజిస్టరు కూడా ఆ గదిలోనే ఉండేది. కాపీ లేదు. రాక్‌లు వచ్చేదాకా కదా అని కట్టలన్నీ నేల మీదే పెట్టించాను.

ఆ ఏడు సెలవులకి నువ్వు నా దగ్గరికి వచ్చావు. ఆ గదిలోకి వస్తే చాలు, తుమ్ములే తుమ్ములు. బయట ఆడుకోమని కసిరాను. అప్పటికే కప్పు చెమ్మగిల్లుతోందని నీ ముక్కుకి తెలిసింది, నాకు తెలియలేదు. అందుకే చెబుతున్నాను, ఏ గది చూపించినా తలుపు మూయించి కాసేపు లోపల ఉండు. తుమ్ము వస్తే రాసుకో.

నువ్వెళ్లిపోయాక వరసగా నాలుగు రోజులు సెలవులొచ్చాయి. ఐదో రోజు తలుపు తీస్తే వాసన. నీళ్లు పాదం మునిగేంత కూడా లేవు, అయినా కింద వరస కట్టలన్నీ పీల్చేశాయి. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కంగారులో చేత్తో విడదీయడం మొదలుపెట్టాను. అది రెండో తప్పు. తడిసి అతుక్కున్న ఫొటోలని లాగకూడదు. చల్లటి శుభ్రమైన నీళ్లలో ఉంచి వాటంతటవే విడిపోనివ్వాలి, లేకపోతే కవర్లలో పెట్టి ఫ్రీజర్లో గడ్డకట్టించి, తెలిసినవాళ్లని పిలవాలి. తడి కాగితానికి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. మా 48 గంటలు సెలవుల్లోనే పోయాయి. నేను లాగితే ఒక ఫొటోలోని ముఖం పక్క ఫొటో వెనక్కి అంటుకుని వచ్చేసింది.

ఆ ముఖం ఒక పెద్దావిడ తల్లిది. ఆవిడ దగ్గర తల్లి ఫొటో అదొక్కటే. మా ఇంట్లో పాడైపోతుంది, మీ దగ్గరైతే భద్రమని తెచ్చిచ్చింది. నేనే వెళ్లి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "అయితే ఆ రసీదు మీకు తిరిగి ఇచ్చేయాలా అమ్మా?" అని అడిగింది.

"బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది కదా, స్టోర్ అక్కడ పెట్టుకోండి" అని మీ మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్లకి ఇటలీలోని ఫ్లోరెన్స్ సంగతి చెప్పు. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి అక్కడి జాతీయ గ్రంథాలయం బేస్‌మెంట్‌లోకి వచ్చింది. కుర్రాళ్లు వరసగా నిలబడి బురద పుస్తకాలు చేతులు మార్చుకుంటూ పైకి తెచ్చారు. వాటిని బాగుచేసే పని దశాబ్దాలు సాగింది. అంత పెద్ద సంస్థకే అంత కాలం పట్టింది. మీకుండేది ఒక క్యూరేటరు, ఒక అటెండరు.

అద్దె అంతస్తు గురించి ఎక్కువ చెప్పను. ఢిల్లీలో జాతీయ సహజ చరిత్ర మ్యూజియం 1978 నుంచి సొంత భవనం లేకుండానే నడిచింది, 2016 ఏప్రిల్ 26న అద్దెకున్న భవనంలో లేచిన మంటల్లో పోయింది. పక్క అంతస్తుల్లో ఎవరేం చేస్తున్నారో మన చేతిలో ఉండదు. నీళ్లకి భయపడినంత నిప్పుకి భయపడను నేను. అది నా లోపమే, నువ్వు రెండింటికీ భయపడు.

మీటింగ్‌లో చిన్నదానివని నీ మాట తోసేస్తారు. తోసేస్తే ఊరుకుంటావా? ఊరుకున్నావంటే నీతో మాట్లాడను, చెప్తున్నా. స్టోర్ గదిలో ఏం పెడతారో వస్తువుల పేర్లతో సహా మినిట్స్‌లో రాయించు. రిజిస్టరు స్కాన్ చేయించి వేరే భవనంలో ఒక కాపీ పెట్టించు. సెలవు రోజుల్లో తాళం ఎవరి దగ్గరుంటుందో, వాళ్ల ఫోన్ నంబరేమిటో తలుపు మీదే అంటించు. ఇవి అడిగినందుకు నిన్ను చాదస్తం మనిషి అంటారు, అననీ. తిన్నావా లేదా కూడా చూసుకోకుండా ఈ పని నెత్తికెత్తుకుంటావని మాత్రం నాకు బెంగగా ఉంది.

నీళ్ల పైపులు గీసిన ప్లాన్ ఉంటుంది, దాని జిరాక్స్ ఒకటి నాకు పంపు. వాట్సాప్‌లో వద్దు, ఆ గీతలు నాకు కనబడవు. మెట్లు ఎక్కలేను గానీ, మీ స్టోర్ గది కింద అంతస్తులోనే అయితే ఒకసారి వచ్చి కప్పు చూస్తాను.

మీ అత్త