టాలీలో లారీ కిరాయి లెడ్జర్ ఏ గ్రూపు కింద పెట్టాలి?

కొన్న సరుకు షాపుకు చేరడానికి కట్టిన కిరాయి డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కింద, అమ్మిన సరుకు కస్టమర్‌కు పంపడానికి కట్టినది ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కింద పెట్టాలి. మొదటిది సరుకు ఖరీదులో భాగం, అందుకే గ్రాస్ ప్రాఫిట్ (అమ్మకంలోంచి సరుకు ఖరీదు పోను మిగిలేది) తేలకముందే తీసేస్తారు. రెండోది అమ్మకపు ఖర్చు.

1,00,000 రూపాయల సరుకు తెప్పించడానికి 4,000 కిరాయి కట్టి, మొత్తం 1,20,000కు అమ్మారనుకోండి. గ్రాస్ ప్రాఫిట్ 16,000. ఆ కిరాయి ఇన్‌డైరెక్ట్‌లో పడితే 20,000 చూపిస్తుంది. నెట్ ప్రాఫిట్ (అన్ని ఖర్చులూ పోను మిగిలేది) మాత్రం మారదు, కాబట్టే ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. రెండు రకాల కిరాయికీ ఒకటే లెడ్జర్ వాడితే అసలు విడదీయలేం, వేర్వేరుగా తెరవండి.

గ్రూపు తప్పితే ఎంట్రీలన్నీ మళ్లీ కొట్టాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. టాలీ ప్రైమ్‌లో ఆల్టర్, లెడ్జర్‌లోకి వెళ్లి ‘అండర్’ దగ్గర గ్రూపు మార్చి కంట్రోల్+ఏ నొక్కితే పాత ఎంట్రీలూ కొత్త గ్రూపులోకే వస్తాయి.