రేడియేషన్ వల్ల నోరు పూస్తే ఇంట్లో ఏం చేయవచ్చు?

మీ నాన్నగారికి గొంతుకు రేడియేషన్ మొదలైన మూడో వారంలోనే నోరంతా పూసిందని, సహజమైన వైద్యం ఏదైనా ఉంటే చెప్పమని అడిగారు. మా పెద్దన్నయ్యకు బుగ్గ క్యాన్సర్ వచ్చినప్పుడు మెహదీపట్నంలో గది అద్దెకు తీసుకుని, చికిత్స ముగిసేదాకా వదినతో పాటు నేనూ అక్కడే ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఉప్పు, తినే సోడా కలిపిన నీళ్ళను మించిన ఇంటి వైద్యం దీనికి లేదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో చిన్న చెంచాడు ఉప్పు, అంతే సోడా కలిపి, మెలకువగా ఉన్నంతసేపూ రెండేసి గంటలకొకసారి, తిన్న ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయాలి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలుపుకోవాలి.

నాలుగో వారంలో మా మేనత్త ఊరి నుంచి చూడవచ్చి, పటిక, లవంగాలు వేసి కాచిన కషాయం సీసాతో తెచ్చింది. మామూలు నోటిపూత ఆమె కషాయంతో మా ఊళ్ళో ఎందరికో తగ్గింది కనుక, పెద్దావిడ మాట కాదనలేక అన్నయ్య ఒక పుక్కిలి పట్టాడు. మరుక్షణం గోడకు చేయి ఆనించి వంగిపోయాడు. ఉమ్మేసిన తర్వాత కూడా దవడ పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ రాత్రి వదిన చెంచాతో పెసరకట్టు పట్టబోతే వద్దని సైగ చేసి, నోటుపుస్తకంలో ‘రేపు’ అని రాశాడు. మర్నాడు నర్సమ్మ టార్చి వేసి చూసి, బుగ్గ లోపలి తెల్లని పూత ఫంగస్‌లా ఉందని డాక్టరు గారికి చెప్పి మందు రాయించింది. పరామర్శకు వచ్చేవాళ్ళు దయచేసి మందులు తేకండి. ఇది ఒంట్లో వేడి వల్ల వచ్చిన పూత కాదు. నోటి లోపలి పొరను ఎప్పటికప్పుడు పుట్టించే కణాలను కిరణాలే దెబ్బతీస్తాయి, లాలాజలం కూడా తగ్గిపోతుంది. అలాంటి నోట్లో పటిక, లవంగ నూనె, ఆల్కహాలు కలిసిన మౌత్‌వాష్ మంటనే పెంచుతాయి.

తేనె మాత్రం నమ్మదగినది. 2003లో మలేషియాలో 40 మంది రోగులపై జరిగిన పరిశీలనలో, రేడియేషన్‌కు 15 నిమిషాల ముందు, 15 నిమిషాల తర్వాత, మళ్ళీ ఆరు గంటలు గడిచాక 20 మిల్లీలీటర్ల చొప్పున నోరంతా తిప్పి నెమ్మదిగా మింగినవారికి తీవ్రమైన పుండ్లు తక్కువగా వచ్చాయి. మేము గిరిజన సహకార సంస్థ తేనె వాడాము. వేల రూపాయలు పోసి న్యూజిలాండ్ మనూకా తేనె తెప్పించనక్కరలేదు. 2012లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో దాని వల్ల పుండ్లేమీ తగ్గలేదు. లాలాజలం లేని నోట్లో తీపి నిలిస్తే పళ్ళు పుచ్చుతాయి కనుక, కాసేపాగి ఉప్పునీళ్ళతో పుక్కిలించాలి.

తిండి గురించి నాకొక బాధ ఉంది. మాకిచ్చిన ఆహార పట్టికలో ఓట్స్, బ్రకోలీ సూపు ఉన్నాయి గాని, మన ఇళ్ళలో ఇట్టే అయ్యే రాగి జావ, సగ్గుబియ్యం జావ, పులియని పెరుగుతో మెత్తగా పిసికిన అన్నం లేవు. అన్నయ్యను నిలబెట్టినవి అవే. పూర్తిగా చల్లారాక, కారం, పులుపు లేకుండా, నేతి చుక్క వేసి పెట్టేవాళ్ళం. బరువు తగ్గితే, రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా ముఖానికి బిగించే మాస్కు వదులై మళ్ళీ కొలత తీయవలసి రావచ్చు, మధ్యలో రేడియేషన్ ఆగితే దాని బలమూ తగ్గుతుంది. అందుకే భోజనానికి ముందు నోరు తిమ్మిరెక్కించే మందు కావాలని మొహమాటం లేకుండా అడగండి. నొప్పి భరించడం ఓర్పు అనిపించుకోదు. నీళ్ళు కూడా దిగకపోయినా, జ్వరం వచ్చినా ఇంటి వైద్యం పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మీ నాన్నగారికి మధుమేహం ఉన్నదీ లేనిదీ మీరు రాయలేదు. ఉంటే తేనె సంగతి డాక్టరు గారిని అడిగిన తర్వాతే మొదలుపెట్టండి. ఉప్పునీళ్ళు మాత్రం ఈ పూట నుంచే పుక్కిలించమనండి, చికిత్స ముగిశాక కూడా పుండ్లు పూర్తిగా మానేదాకా కొన్ని వారాలు కొనసాగించండి.